పది పౌనుల ట్రాముబండి

1895లో మొదలై 1953లో నిలిచిపోయిన మద్రాసు విద్యుత్ ట్రాములను గూర్చి మన పెద్దలు చెప్పగా వినియున్నాము. ఇంగ్లండులోను అట్లే పెక్కు నగరములలో బస్సులకు చోటిచ్చి ట్రాములు తప్పుకొనెను. సౌతాంప్టన్ నగరపు ప్రాచీన ద్వారమైన బార్‌గేట్ కమాను క్రింద దూరుటకై పైకప్పు లేకుండ 1903లో కట్టిన బండి యొకటి కలదు. 1948 ఆగస్టులో వీడ్కోలు ప్రయాణమునకు వచ్చిన కొందరు అభిమానులు ఆ 45వ నంబరు బండిని తుక్కు పాలు కానీయక, పది పౌనులిచ్చి కొనిరి.

కొనుట సులభమే, నిలుపుటకు చోటేది? అభిమానులు 1955లో సంఘముగా నేర్పడి, 1959లో డెర్బీషైరులోని క్రిచ్ గ్రామమున సున్నపురాతి గని ప్రదేశమును చేరిరి. పూర్వము జార్జి స్టీఫెన్సన్ ఆ గనికి రాయి మోయు చిన్న రైలుమార్గమును వేయించియుండెను. సెలవుదినములలో సభ్యులే వచ్చి పట్టాలు పరచిరి. కుళ్ళిన చెక్కలు మార్చిరి. తుప్పు గీకి రంగులు వేసిరి. 1963లో గుఱ్ఱపు ట్రాము, 1964లో విద్యుత్ ట్రాము అచట నడచెను. ఆ గ్రామమున పాత ట్రాములు నేటికిని ప్రయాణికులను మోయుచున్నవి.

ఈ చరిత్ర గ్రంథాలయ సభ్యులకు పరాయిది కాదు. చినిగిన పుస్తకమునకు అట్టవేసి మరల బీరువాలో నుంచిన ప్రతి చేయియు ఈ పనినే చేసినది.