ప్రతాపరుద్రీయము మొదలు బొగ్గుబాయి కథ వరకు: పాత్రచిత్రణ బోధనమును గూర్చి

తెలుగు పరీక్షాపత్రములలో ఏటేట తప్పక కనబడు ప్రశ్న యొకటి కలదు. ఫలానా నాటకములోని, ఫలానా నవలలోని, ఫలానా పాత్రను చిత్రింపుడు. సమాధానములును ఏటేట ఒక్క తీరుననే యుండును: పాత్ర పేరు, దాని క్రింద గుణముల పట్టిక, ఒక్కొక్క గుణమునకు మూలమునుండి యొక ఉదాహరణము. రామగుండము, గోదావరిఖని ప్రాంతమున కొన్ని యేండ్లు పాఠములు చెప్పిన పిదప, ఈ పట్టిక ఎక్కడనుండి వచ్చినదో, అది మన విద్యార్థులకు ఏమి చూపుచున్నదో, ఏమి కనబడకుండ చేయుచున్నదో విచారింపవలెనని నాకు తోచినది.

'పాత్ర' యను మాటయే మొదట గమనింపదగినది. గిన్నెకును, నాటకమున వేషధారికిని మనకు ఒక్కటే పదము. రసము పాత్రయందుండును గాని పాత్ర దానిని రుచిచూడదు, త్రాగువాడు సామాజికుడే యని అభినవగుప్తుని వివరణము. ఈ దృష్టిలో పాత్రకు స్వంత అంతరంగ మక్కరలేదు. రసమును చెదరనీయక ప్రేక్షకుని చెంతకు చేర్చినచో దాని పని ముగిసినది. నేడు మనము పాత్రయందు వెదకు 'వ్యక్తిత్వము' ఆ పదమునకు తరువాత నంటినది. అది ఎప్పుడు, ఎట్లు అంటినదను చరిత్రయే మన బోధనచరిత్ర.

ఆ చరిత్రలో తొలి ఘట్టము మన ప్రాంతమునకు దూరముది కాదు. 1289 మొదలు 1323 వరకు ఓరుగల్లు నేలిన ప్రతాపరుద్రుని ఆస్థానమున విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రయశోభూషణము నాయకప్రకరణముతో ఆరంభమగుచున్నది. కావ్య, నాటక, రస, దోష, గుణ, అలంకార ప్రకరణము లన్నియు దాని తరువాతనే. గొప్ప నాయకుని వర్ణించుటచేతనే కావ్యమునకు గొప్పతనము వచ్చునని ఆయన వాదము. ధీరోదాత్తాది భేదములు నాలుగును చెప్పి, లక్ష్యములన్నింటను తన ప్రభువునే నిలిపినాడు. శాస్త్రము చదువుచున్నామో స్తోత్రము చదువుచున్నామో తెలియని స్థితి. హాస్యమునకు చెప్పుట కాదు. గుణములను ముందుగా ఏర్పరచి, వానికి తగిన మనిషిని నిలుపు ఈ పద్ధతియే తరగతి గదులలోని గుణపట్టికకు మూలపురుషుడు. అందు ఎవరికి చోటు కలదో, ఎవరికి లేదో వేరుగ చెప్పనక్కరలేదు.

అదే ఓరుగల్లు కథను ఐదువందల యేండ్ల పిమ్మట వేదము వేంకటరాయశాస్త్రి చేపట్టుట విశేషము. ఆయన 1891లో నాగానందమును తెనిగించినప్పుడే నీచపాత్రలచేత గ్రామ్యము పలికించెను. 1897 నాటి ప్రతాపరుద్రీయ నాటకమున ఆ పద్ధతి నిండుగా పండినది. మంత్రి యుగంధరుని కపటోన్మాదమెంత ప్రసిద్ధమో, చాకలి పేరిగాని పలుకు అంత ప్రసిద్ధము. పండితులు ఆక్షేపింపగా శాస్త్రిగారు గ్రామ్యభాషాప్రయోగనిబంధనమును వ్రాసి తమ పక్షమును సమర్థించుకొనిరి. ఆయన భాషావిషయమున సనాతనులు, వ్యావహారికవాదమునకు బద్ధవిరోధులు. అయినను ఒక చాకలివాని నోట చాకలివాని మాటనే పలికించిన క్షణమున, పట్టికకు లొంగని మనుష్యుడొకడు రంగస్థలమున కెక్కినాడు. రచయిత సిద్ధాంతమును రచయిత చెవి దాటిపోయిన సందర్భములు సాహిత్యమున అరుదు కావు.

ఇక 1914లో వెలువడిన కట్టమంచి రామలింగారెడ్డి కవిత్వతత్త్వవిచారము ప్రబంధములను మరియొక తులాదండమున తూచినది. పాత్ర తన స్వభావమునుండి ప్రవర్తించుచున్నదా, కవి వర్ణనకొఱకు నిలిపిన బొమ్మయా యను ప్రశ్న కళాపూర్ణోదయ విమర్శతో మన విద్యాలయములలో ప్రవేశించినది. ఆంగ్లసాహిత్య పరిచయమునుండి వచ్చిన ఈ దృష్టిచే మేలు గొప్పదే. చిక్కేమనగా, మనము క్రొత్త ప్రశ్నను తీసికొని పాత పట్టికలోనే దానికి జవాబు వ్రాయ నారంభించితిమి. 'ధీరోదాత్తుడు' అను శీర్షిక పోయి 'సజీవపాత్ర' అను శీర్షిక వచ్చినది. క్రింద గుణములు మాత్రము తొల్లింటివే. ఆంగ్లదేశముననే ఈ మార్గముపై 1933లో ఎల్.సి. నైట్స్ పెద్ద ఆక్షేపణ చేసెను. లేడీ మాక్బెత్‌కు బిడ్డలెందరని అడుగుట వ్యర్థము, ఆమె నాటకమునందలి పలుకులకు వెలుపల లేదని ఆయన భావము. ఆ వాదము మన పాఠ్యగ్రంథములకు నేటికిని సరిగా చేరలేదు.

పాత్ర యెట్లు తయారగునో విద్యార్థికి కన్నులార చూపదగిన గ్రంథము మనకొకటి యున్నది. కన్యాశుల్కము 1892లో ప్రదర్శితమై, 1897లో ముద్రితమై, 1909లో పెంచి తిరుగవ్రాయబడినది. రెండు ప్రతులను ప్రక్కప్రక్క నుంచి మధురవాణి యెంత పెరిగినదో, ఏ యే రంగములలో పెరిగినదో చూచిన విద్యార్థికి, పాత్ర యనగా గుణముల మూట కాదనియు, రచయిత మరల మరల తీసికొనిన నిర్ణయముల వరుస యనియు తెలియును. ఒక వారము ఈ పని చేయించిన చాలు, ఒక సంవత్సరపు గైడుల విషము విరుగును.

బొగ్గు ప్రాంతమునకు వత్తము. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు చెంత బొగ్గును కనుగొనుట, 1886లో హైదరాబాదు దక్కను కంపెనీకి గనుల హక్కు లభించుట, 1920లో సింగరేణి కాలరీసు అను నామకరణము అందరెరిగినవే. రామగుండము వైపు గనులు త్రవ్వుట 1960వ దశకపు మాట. బావికి తోడు నదిపేరుతో వెలసిన గోదావరిఖని, పల్లెలనుండి వలసవచ్చినవారి పట్టణము. ఇచ్చట గని అనువారు తక్కువ, బొగ్గుబాయి అందురు. తట్టా చెమ్మాసులతో టబ్బులు నింపిన తరముపై ఈ నేలనుండి, చుట్టుప్రక్కలనుండి కథలు, నవలలు పుష్కలముగా వచ్చినవి. మంథని ప్రాంతపు అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చంద్ మొదలగువారి రచనలు పరిశోధన కెక్కినవి. అంతకు ముందు 1955లో వట్టికోట ఆళ్వారుస్వామి ప్రజల మనిషి కంఠీరవమను నాయకుని చుట్టు ఊరిని నిలిపెను. రాజయ్యగారి రైతాంగనవల కొలిమి అంటుకున్నది, 1979 నాటికి, ఊరే నాయకస్థానమును చేకొనినది.

ఈ రచనలపై సిద్ధాంతవ్యాసములలో తఱచు కనబడు వాక్యము: 'ఇందు పాత్రచిత్రణము బలహీనము.' ఇది సగము నిజము. దొరలను, అధికారులను ఒక్క రంగున పులిమిన కథలు లేకపోలేదు, వానిని సమర్థింపబనిలేదు. కాని తక్కిన సగము విమర్శకుని చూపులోని లోపము. ఫ్రాన్సున ఎమిలీ జోలా 1884లో ఆంజాన్ గనులకు పోయి చూచివచ్చి, మరుసటి యేట జెర్మినాల్ ప్రకటించెను. అందలి ముసలి బోన్‌మోర్ నల్లని కఫ ముమియుచుండును. ఆ నలుపే అతని యేబదియేండ్ల చాకిరి. గుణవాచక మొక్కటియు అక్కరలేదు. పనియే స్వభావముగా మారినచోట, పని తెలియని పాఠకునికి పాత్ర కనబడదు. జోలా గనిలోనికి దిగి నేర్చికొనినదానిని మన విద్యార్థి ఇంటిలోనే నేర్చినాడు. మనము దానిని అడుగుట లేదు.

ఈ మాట నాకు ఆలస్యముగా తెలిసినది. ప్రతాపరుద్రీయము చెప్పుచున్న రోజులలో ఒక విద్యార్థి లేచి, గైడులో యుగంధరునికి రెండు పుటలు, పేరిగానికి 'హాస్యపాత్ర' యని ఒక్క పంక్తియు నేల యని యడిగెను. తృప్తికరమైన సమాధానము చెప్పలేకపోతిని. మరునాడు అభ్యాసముగా నొక పని యిచ్చితిని: మీకు బాగుగా తెలిసిన యొక వ్యక్తిని, గుణవిశేషణ మొక్కటియు వాడక, పది పంక్తులలో చిత్రింపుడు.

ఆ విద్యార్థియే తన తండ్రిని గూర్చి వ్రాసెను. తండ్రి భూగర్భమున సర్దారు. ఏ క్రొత్త యింటికి పోయినను, పెండ్లిచూపులకైనను, గడప దాటగానే కూర్చుండక తలయెత్తి పైకప్పు వంక చూచును. చేతికఱ్ఱ యున్నచో దానితో దూలమును రెండుసార్లు తట్టును. తరువాతనే మాటలాడును. ఇంతియే వ్రాసెను.

నేను దీనిని చదివి వినిపింపగా తరగతి యంతయు నవ్వి, వెంటనే మౌనము వహించినది. నాకు మాత్ర మర్థము కాలేదు. వెనుక బల్లనుండి ఒక అమ్మాయి వివరించినది: బాయిలో పైకప్పును కఱ్ఱతో తట్టి చూతురు సార్, గట్టిగ పలికినచో నిలుచును, డొల్లగ పలికినచో బండ పడును. ఆ శబ్దమును పోల్చుకొనువాని చెవిపై ఆ షిఫ్టువారి ప్రాణము లాధారపడియుండును.

ఆ కాగితము దిద్దుటకు కూర్చుంటిని. పది మార్కులను గుణమునకు రెండు చొప్పున అయిదింటికి పంచిన మూల్యాంకన పట్టిక నా యెదుట నుండెను. కొంతసేపు దానిని చూచి, పట్టికను ప్రక్కనుంచి, కాగితముపై పది వేసితిని.