విజేత లేని సీజను
స్కాట్లండు ఫుట్‌బాల్ మూడవ డివిజను, 1925-26

క్రీడల చరిత్ర వ్రాసేవారు తరచుగా గెలిచినవారి చరిత్రనే వ్రాస్తారు. ఎవరు కప్పు అందుకొన్నారు, ఎవరు ఎన్ని గోళ్లు కొట్టారు, పట్టికలో ఎవరి పేరు మొదట ఉన్నది, ఇవే గ్రంథాలకు ఎక్కుతాయి. కాని విజేత ఎవరో తేలకుండానే ముగిసిన పోటీలు కూడ కొన్ని ఉన్నవి. స్కాట్లండు దేశపు ఫుట్‌బాల్ లీగులో మూడవ డివిజను 1925-26 సీజను అటువంటిది. పట్టికలో మొదటి పేరు హెలెన్స్‌బరో క్లబ్బుది. అయినా ఆ క్లబ్బుకు విజేత బిరుదం దక్కలేదు. పై మెట్టుకు పిలుపు రాలేదు. ఎందువల్లనంటే ఆ వసంతకాలానికి మూడవ డివిజనే కూలిపోయినది. ఒక ఆటల పోటీ ఆకలి వలన ఎట్లా చచ్చిపోతుందో తెలుసుకోదలచిన వారికి ఈ కథ చక్కని పాఠం.

స్కాట్లండులో ఫుట్‌బాల్ మొదట మహానగరాల సొత్తు కాదు. 1890లో లీగు ఏర్పడినప్పుడు దానిలో చేరిన పదకొండు క్లబ్బులలో మూడు ఒకే చిన్న లోయకు చెందినవి. లోమండ్ సరస్సు నుండి క్లైడ్ నది వరకు పారే లీవెన్ అనే చిన్న ఏరు ఉన్నది. దాని ఒడ్డున అలెగ్జాండ్రియా, రెంటన్, డంబార్టన్ అనే ఊళ్లున్నవి. ఈ మూడు ఊళ్లూ స్కాటిష్ కప్పు గెలిచిన ఊళ్లే. అలెగ్జాండ్రియా ఊరి క్లబ్బయిన వేల్ ఆఫ్ లీవెన్ 1877, 1878, 1879లలో వరుసగా మూడు సార్లు కప్పు పొందినది. అంతకు ముందు స్కాట్లండులో ఎవరి చేతిలోనూ ఓడి ఎరుగని క్వీన్స్ పార్కు జట్టును 1876 డిసెంబరులో మొదటిసారి ఓడించినదీ ఈ క్లబ్బే.

ఆ లోయతో మనకు ఒక పాత సంబంధం ఉన్నది. అక్కడి జనానికి అన్నం పెట్టినది అద్దకం పని. లీవెన్ ఏటి స్వచ్ఛమైన నీటితో నూలు బట్టకు చెరగని ఎరుపు రంగు వేసేవారు. దానికి టర్కీ ఎరుపు అని పేరు. ఆ ఎర్రబట్ట మీద నెమళ్లు, పూలు అచ్చువేసి ఓడల కొలది పంపినది ప్రధానంగా భారతదేశానికే. మన మచిలీపట్నం అద్దకపువారు చిరువేరుతో తీసిన ఎరుపుకూ, ఆ టర్కీ ఎరుపుకూ మూలపదార్థం ఒకటే; దాని పేరు అలిజరిన్. 1869 తరువాత రసాయనశాలలో తయారైన అలిజరిన్ బజారుకు వచ్చేసరికి చిరువేరు సాగు క్షీణించినది, లీవెన్ లోయలోని అద్దకశాలలు వర్ధిల్లినవి. ఒక తీరపు కళ వాడిపోతూ ఉండగా మరొక తీరపు ఊరు వికసించినది. ఆ వికాసంలో శనివారపు సెలవు మధ్యాహ్నాలలో పుట్టిన ఆటే వేల్ ఆఫ్ లీవెన్ వారి ఆట.

కాని ఆ వైభవం ఎంతోకాలం నిలువలేదు. ఆటగాళ్లకు జీతమివ్వటం 1893లో స్కాట్లండులో చట్టబద్ధమైనది. అప్పటి నుండి డబ్బున్న చోటికే ప్రతిభ ప్రవహించినది. గ్లాస్గో నగరంలో వేలకొలది జనం టిక్కెట్టు కొని మైదానానికి వచ్చేవారు. లోయలోని ఊళ్లలో ఊరంతా కదలి వచ్చినా ఆ సంఖ్యలో పదవవంతు కాదు. వేల్ ఆఫ్ లీవెన్ 1891-92లో ఆడిన 22 ఆటలలో ఒక్కటి కూడ గెలువలేక లీగు విడిచినది. తిరిగి 1905లో రెండవ డివిజనులో చేరినది. మూడు కప్పుల క్లబ్బు ఇక నుండి మెట్లు దిగే క్లబ్బయినది.

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత లీగు పరిస్థితి మారినది. లీగు నిబంధనలకు లోబడని సెంట్రల్ లీగు అనే సంస్థలోని క్లబ్బులు హెచ్చు జీతాలు చూపి, పెద్ద క్లబ్బులకు కట్టుబడి ఉన్న ఆటగాళ్లను ఆకర్షించసాగినవి. వారితో పోరాడేకంటె వారిని కలుపుకోవటం మేలని పెద్దలు తలచారు. 1921లో సెంట్రల్ లీగును రెండవ డివిజనుగా స్వీకరించారు. ఆ సీజను ముగింపు నుండి ఒక కొత్త నియమం అమలులోకి వచ్చినది. క్రింది డివిజనులో గెలిచినవారు పైకి ఎక్కుతారు. పై డివిజనులో చివర నిలిచినవారు క్రిందికి దిగుతారు. అంతవరకు ఎక్కడం, దిగడం సభ్యుల ఓట్ల మీద ఆధారపడేది. ఇప్పుడు ఆట మీద ఆధారపడినది. 1923లో వెస్టర్న్ లీగు అనే పడమటి ప్రాంతపు లీగును కలుపుకొని, పదహారు క్లబ్బులతో మూడవ డివిజను ఏర్పరిచారు.

చిన్న ఊళ్లకు ఇది పెద్ద పండుగ. బాగా ఆడితే రెండు మూడేండ్లలో సెల్టిక్, రేంజర్స్ వంటి మహాజట్లు తమ ఊరి మైదానానికి వస్తాయన్న ఆశకు మొట్టమొదటిసారి ఆధారం దొరికినది. ఆ ఆశ వట్టిది కాదని కొందరు నిరూపించారు కూడా. 1924లో బార్‌హెడ్ ఊరి ఆర్థర్లీ, 1925లో శాంకర్ అనే చిన్న గనుల ఊరి క్లబ్బు నిత్స్‌డేల్ వాండరర్స్ మూడవ డివిజను గెలిచి పైకి పోయినవి. నిత్స్‌డేల్‌తో పాటు పైకి పోయిన డమ్‌ఫ్రీస్ పట్టణపు క్వీన్ ఆఫ్ ది సౌత్ క్లబ్బు 1933 నాటికి మొదటి డివిజనుకే చేరుకొన్నది.

ఇక ఈ ఏర్పాటులోని లోపం ఎక్కడున్నదో చూద్దాము. లీగు అన్నది మన ఊళ్లలోని చీటీల వంటిది. చీటీ కట్టేవారందరూ నెలనెలా తప్పక కడితేనే అందరికీ సొమ్ము ముట్టుతుంది. ఇద్దరు ఎగవేస్తే మిగిలినవారి లెక్కలన్నీ తారుమారవుతాయి. పదహారు క్లబ్బులలో ప్రతి ఒక్కటీ మిగిలిన పదిహేనింటితో తన ఊరిలో ఒకసారి, వారి ఊరిలో ఒకసారి, మొత్తం 30 ఆటలు ఆడాలి. సీజను పూర్తి కావాలంటే 240 ఆటలు జరగాలి. అంతేకాదు, వచ్చిన జట్టుకు వసూళ్లు ఎట్లా ఉన్నా, ఇంత సొమ్మని హామీగా ఇవ్వవలసిన బాధ్యత ఆతిథ్యమిచ్చే క్లబ్బుది. వాన కురిసి జనం రాకపోయినా ఆ హామీ చెల్లించక తప్పదు. ఒక క్లబ్బు చెల్లించలేకపోతే, దానిని నమ్ముకొని ప్రయాణం చేసి వచ్చిన క్లబ్బు తన ఆటగాళ్లకు జీతమివ్వలేదు. తరువాత వారం తన ఊరికి వచ్చే జట్టుకూ చెల్లించలేదు. ఈ విధంగా ఒకరి లేమి మరొకరికి అంటుకొంటుంది.

ప్రయాణాలు ఈ భారాన్ని ఇంకా పెంచినవి. పడమటి ప్రాంతపు లీగుగా ఉన్నంతకాలం దూరాలు తక్కువ. జాతీయ లీగులో భాగమయిన తరువాత దక్షిణాన ఇంగ్లండు సరిహద్దు చేరువనున్న ఆన్నన్ ఊరి సోల్వే స్టార్, ఈశాన్యాన ఉత్తర సముద్రపు ఒడ్డునున్న మాంట్రోజ్ ఒకే పట్టికలో నిలిచినవి. ఈ రెండు ఊళ్ల మధ్య దారి 150 మైళ్ల పైమాట. పదకొండుమంది ఆటగాళ్లకూ వెంట వచ్చేవారికీ రైలు ఛార్జీలు పెట్టి అంతదూరం పంపటం కొన్ని వందలమంది మాత్రమే చూడవచ్చే క్లబ్బుకు తలకు మించిన పని.

ఈ క్లబ్బులు ఏ ఊళ్లవి? షాట్స్ ఊరి డైక్‌హెడ్, లార్క్‌హాల్ ఊరి రాయల్ ఆల్బర్ట్, ఫైఫ్ సీమలోని లాక్‌గెల్లీ యునైటెడ్, ఇవి బొగ్గు గనుల మీద బ్రతికే ఊళ్ల క్లబ్బులు. గాల్‌స్టన్ ఊరిలో లేసు మగ్గాలు, గనులు, పీబుల్స్‌లో ఉన్ని మిల్లులు, ఫార్ఫర్‌లో జనపనార. లాకర్బీ ఊరి మిడ్ ఆనన్‌డేల్ క్లబ్బు గొర్రెల సంతకు పేరుబడ్డ చోట పుట్టినది. 1924 నుండి వేల్ ఆఫ్ లీవెన్ కూడ ఈ డివిజనులోనే ఉన్నది. అనగా మైదానం చుట్టూ నిలిచేవాడు వారపు కూలితో టిక్కెట్టు కొనేవాడు. కూలి ఆగితే టిక్కెట్టు ఆగుతుంది.

ఆ కూలి సరిగ్గా ఆ సంవత్సరమే ఆగసాగినది. 1925 ఏప్రిలులో బ్రిటిషు ప్రభుత్వం పౌనును తిరిగి యుద్ధానికి పూర్వపు బంగారు విలువకు కట్టివేసినది. దానితో విదేశాలలో బ్రిటిషు బొగ్గు ధర పెరిగి ఎగుమతులు దెబ్బతిన్నవి. గని యజమానులు కూలి తగ్గిస్తామన్నారు, పనివారు ఒప్పుకోలేదు. జూలై 31న ప్రభుత్వం తొమ్మిది నెలల పాటు సహాయధనమిస్తామని చెప్పి తగవును వాయిదా వేసినది. ఆ గడువు 1926 ఏప్రిలు 30తో ముగుస్తుంది. ఫుట్‌బాల్ సీజను ముగిసేదీ ఆ రోజులలోనే. మూడవ డివిజను చివరి సీజను మొత్తం ఈ అనిశ్చితపు నీడలోనే నడిచినది. అటు లీవెన్ లోయలోనూ, భారతదేశపు మిల్లులు పెరిగిన కొలదీ ఎర్రబట్టకు గిరాకీ తగ్గి, పనులు సన్నగిల్లినవి.

జేబులో ఒక్క షిల్లింగు మిగిలిన మనిషి దానిని ఎక్కడ ఖర్చు పెడతాడు? శనివారం మధ్యాహ్నం ఊరి మైదానంలో మూడవ డివిజను ఆట ఉన్నది. అదే సమయంలో రైలెక్కితే అరగంటలోనో గంటలోనో చేరగల గ్లాస్గోలో, ఆ ఏడు మొదటి డివిజను గెలిచిన సెల్టిక్ ఆట ఉన్నది. మరొక వంక జూనియర్ ఫుట్‌బాల్ అనే పోటీ ఉన్నది. అక్కడ జూనియర్ అన్నమాట వయస్సుకు చెందినది కాదు, తరగతికి చెందినది. ఊరి పక్కనే ఆడే ఆ జట్లకు ప్రయాణపు ఖర్చు లేదు, హామీల బెడద లేదు. ఇట్లా పైనుండి ఒత్తిడి, క్రిందనుండి పోటీ. మూలిగే నక్కపై తాటిపండు పడినట్లయినది.

పతనపు సూచనలు అంతకు ముందే కనిపించినవి. 1924-25లోనే డంబార్టన్ హార్ప్ క్లబ్బు సీజను మధ్యలో లీగు విడిచిపోయినది. 1925-26లో గాల్‌స్టన్ సగం ఆటలతోనే తప్పుకొన్నది. తక్కిన క్లబ్బులు ఈడ్చుకొని వచ్చినవి. కొందరికి పోయి ఆడే ఖర్చు లేదు. కొందరికి వచ్చినవారికి ఇచ్చే సొమ్ము లేదు. ఆడవలసిన ఆటలు వాయిదా పడినవి, వాయిదా పడినవి ఇక జరగనే లేదు. ఏప్రిలు వచ్చేసరికి పట్టికలో ఒక్కొక్కరి ఆటల సంఖ్య ఒక్కొక్క తీరుగా ఉన్నది. అందరూ సమానంగా ఆడనప్పుడు ముందున్నవాడు గెలిచినవాడని ఎట్లా చెప్పటం? హెలెన్స్‌బరో మొదట, లీత్ అథ్లెటిక్, ఫార్ఫర్ వెనువెంట ఉండగా, అధికారులు విజేతను ప్రకటించలేదు. మూడవ డివిజనును రద్దు చేశారు.

రేడియో గల ఇండ్ల వారికి ఇక్కడ ఒక మాట ఆసక్తి కలిగించవచ్చు. క్లైడ్ తీరాన ఉన్న ఈ హెలెన్స్‌బరో జాన్ లోగీ బేర్డ్ జన్మించిన ఊరు. ఆయన లండనులో శాస్త్రజ్ఞుల ఎదుట టెలివిజనును ప్రదర్శించినది 1926 జనవరి 26న, అనగా ఊరి జట్టు పట్టికలో పైకి ప్రాకుతున్న ఆ చలికాలంలోనే. కాలాంతరంలో ఆటకు కోట్లు కురిపించిన యంత్రం ఆ ఊరి బిడ్డ చేతిలో కన్ను తెరిచిననాడు, ఆ ఊరి క్లబ్బు ఉన్న లీగుకు వారం గడవటమే కష్టంగా ఉన్నది.

తరువాత ఎవరి దారి ఎటు పోయినది? ఫార్ఫర్‌కు 1926లోనే రెండవ డివిజనులో చోటు దొరికినది. మరుసటి ఏడు నిత్స్‌డేల్ వాండరర్స్ చోటు కోల్పోగా లీత్ ఆ స్థానంలోకి వచ్చినది. 1929లో మాంట్రోజ్, బ్రీకిన్ సిటీ చేరగలిగినవి. పట్టిక తలపై నిలిచిన హెలెన్స్‌బరో మాత్రం లీగులోకి మళ్లీ రాలేదు. కొద్ది సంవత్సరాలకే మూతపడినది. వేల్ ఆఫ్ లీవెన్‌కు కూడ అదే చివరి లీగు సీజను. లీగును స్థాపించిన పదకొండుమందిలో ఒకరు ఆ లీగులోని అడుగు మెట్టుతో పాటే జారిపోయినారు. అదే పేరుతో జూనియర్ క్లబ్బు ఒకటి తరువాత అలెగ్జాండ్రియాలో లేచి నిలిచినది గాని, అది మరొక కథ.

ఉట్టికెగురలేనమ్మ స్వర్గానికెగిరినట్లు ఈ చిన్న క్లబ్బులు తాహతుకు మించిన ఆశ పెట్టుకొన్నవని అనేవారు ఉండవచ్చు. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని అది సగం నిజమే. ఆశ పెట్టుకొమ్మని పిలిచి మెట్టు కట్టినది లీగు. హామీలు, దూరాలు, 30 ఆటలు, ఈ బరువులన్నీ ఆ మెట్టు మీద మోపినది కూడ లీగే. పైన ఉన్నవారి వసూళ్లలో ఒక చిన్న భాగమైనా క్రిందికి రావటానికి దారి మాత్రం పెట్టలేదు. నిచ్చెన నిలవాలంటే అన్నిటికంటె గట్టిగా ఉండవలసినది అడుగు మెట్టు. అక్కడే పలుచటి కర్ర వాడినారు.

ఈ పాఠం నేర్వటానికి చాలకాలం పట్టినది. 1946లో సి డివిజను పేరుతో మూడవ మెట్టు మరల వచ్చి 1955లో మరల పోయినది. ఉత్తరపు కొండసీమలలో 1893లో పుట్టిన హైలాండ్ లీగు మాత్రం తన ప్రాంతానికి పరిమితమై, తన దూరాలను తానే లెక్క చూసుకొని బ్రతికినది. 1994లో ఆ లీగునుండి రాస్ కౌంటీ, రెండు క్లబ్బుల కలయికతో ఏర్పడిన ఇన్వర్నెస్ కలడోనియన్ థిసిల్ జాతీయ లీగులో ప్రవేశించినవి. 2015లో ఆ ఇన్వర్నెస్ జట్టే స్కాటిష్ కప్పు గెలిచినది. ప్రాంతీయ లీగుల విజేతలకు జాతీయ లీగులోకి ఆటతోనే దారి దొరికినదీ ఆ సంవత్సరం నుండే. దారి రెండు వైపులా తెరిచి ఉంటుంది: 1925-26లో ఆకలిని తట్టుకొని నిలిచిన బ్రీకిన్ సిటీ 2021లో ఆ దారినే దిగి హైలాండ్ లీగులో అడుగుపెట్టినది. అయితే ఈసారి అడుగుపెట్టటానికి క్రింద నేల ఉన్నది. 1926లో క్రిందపడినవారికి లేనిది అదే.