‘కాలదోషం’ అనే మాట, తనఖా భూమి గడువు

గడువు దాటిన అప్పు పత్రాన్ని తెలుగులో ‘కాలదోషం పట్టిన పత్రం’ అంటారు. ప్రామిసరీ నోటుకూ భూమి తనఖాకూ ఈ ఒక్క మాటనే వాడుతున్నాం. చట్టంలో వీటి ఫలితాలు వేరు. నోటుకు కాలదోషం పడితే అప్పు నశించదు; దావా దారి మాత్రమే మూసుకుపోతుంది. స్థిరాస్తి స్వాధీనం కోరే దావాకు గడువు దాటితే, 1963 కాలపరిమితి చట్టం 27వ సెక్షన్ ప్రకారం హక్కే అంతరిస్తుంది. మర్రిగూడ వంటి నల్లగొండ మెట్ట గ్రామాల రైతు విషయంలో ఈ భేదం ఏమిటో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

హైదరాబాదు సంస్థానంలో భాగమైన ఈ సీమకు 1908 నాటి భారత కాలపరిమితి చట్టం 1951 ఏప్రిల్ 1న వర్తించింది. తనఖా విడిపించుకోవడానికి ఆ చట్టం 60 ఏళ్ల గడువిచ్చింది. 1964 జనవరి 1న అమలైన కొత్త చట్టం దానిని 30 ఏళ్లకు కుదించింది. రైతు విడుదల హక్కును శాశ్వతంగా తొలగించమని రుణదాత వేసే ఫోర్‌క్లోజర్ దావాకూ 30 ఏళ్లే గడువు. తనఖా ఆస్తిని అమ్మించి బాకీ రాబట్టే దావాకు 12 ఏళ్లు.

పాత తనఖాలకు 30వ సెక్షన్ కొంత వెసులుబాటు కల్పించింది. 1969 సవరణతో అది ఏడేళ్లయింది. ఉదాహరణకు, 1936లో విడుదల హక్కు ఏర్పడిన తనఖాను పాత లెక్కన 1996 వరకు విడిపించుకోవచ్చు. కొత్త లెక్కన 1970తోనే అవకాశం ముగిసింది. పాత గడువునే నమ్ముకున్న కుటుంబం పాతికేళ్లకు పైగా కోల్పోయినట్లే.

అయితే భూమిని రుణదాతకు అప్పగించి, దాని ఫలసాయంతో బాకీ తీరేలా రాసుకునే స్వాధీన తనఖాకు ఈ లెక్క వర్తించదు. అటువంటి రుణదాతకు ఫోర్‌క్లోజర్ హక్కు ఆస్తి బదిలీ చట్టం 67వ సెక్షన్‌లోనే లేదు. సింగ్ రామ్, షియో రామ్ వ్యాజ్యంలో 2014లో సుప్రీంకోర్టు మరింత స్పష్టత ఇచ్చింది. ఈ తనఖాలో గడువు పత్రం తేదీ నుంచి మొదలుకాదు. ఫలసాయంతోనో మరో విధంగానో బాకీ తీరినప్పుడో, మిగిలిన సొమ్ము చెల్లించినప్పుడో, కోర్టులో జమ చేసినప్పుడో మొదలవుతుంది. కేవలం 30 ఏళ్లు గడిచినంత మాత్రాన రుణదాత యజమాని కాలేడు.

కనుక పాత పత్రాలను పరిష్కరించేవారు కుదువ, తనఖా, స్వాధీన తనఖా అనే మాటలను పర్యాయపదాలుగా సరిపెట్టరాదు. నిఘంటువులో ఒకే అర్థంగా కలిసిపోయిన మాటల వెనుక, భూమి ఎవరిదో తేల్చే భేదం ఉంది.