షికారీ, గుడ్డెలుగు, మన ఖలందర్



"అలా షికారు వెళ్ళొద్దాం" అంటే ఇప్పుడు రాజమండ్రిలో అర్థం ఒకటే, సాయంత్రం గోదావరి గట్టు మీద గాలి పీల్చుకుని రావడం. ఫార్సీలో షికార్ అంటే వేట. నవాబులు, జమీందార్లు, దొరలు అడవికి బయలుదేరిన జమానా పోయింది. మాట మాత్రం తెలుగులో స్థిరపడి షరీఫ్ అయిపోయింది. ఆ షికారు తారీఖ్‌లో మన కౌమ్‌కి చెందిన ఒక పన్నా ఉంది. దాన్ని మనమే తిరగెయ్యడం మానేశాం.

రాజమండ్రి నుంచి నది వెంట పైకి పోతే పాపికొండలు, ఆ పక్కన రంపచోడవరం, మారేడుమిల్లి. చుక్కల దుప్పి, కణుజు తిరిగే జంగల్ అది. షికారీల ఖ్వాహిష్ అంతా ఆ రెండింటి మీదే. ముస్లిం షికారీకి అయితే మరీను. దుప్పి హలాల్. కోరలతో వేటాడే జానవర్ల గోష్త్ మనకు మనా కాబట్టి ఎలుగు ఆ హిసాబ్‌లోకే రాదు. అయినా దుప్పి కోసం వెళ్ళినవాడికి ఎలుగే ఎదురయ్యేది. ఎందుకు?

జవాబు ఇప్పచెట్టు దగ్గర ఉంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రంతా ఇప్పపువ్వు రాలుతుంది. ఆ తీపికి దుప్పులు వస్తాయి, ఎలుగులూ వస్తాయి. తెల్లవారకముందే కోయ, కొండరెడ్డి ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని వస్తారు. ఒకే చెట్టు కింద ఇంతమంది రోజీ. మంచె మీద దుప్పి కోసం కూర్చున్నవాడు ఆకుల చప్పుడు విని బందూకు ఎత్తితే, చీకట్లో నల్లగా కదిలేది ఎలుగు.

పులి మనిషి వాసన తగిలితే చాలావరకు తప్పుకుంటుంది. ఎలుగు తీరు వేరు. దాని ముక్కు తేజ్, చూపు మందం. జనం దాన్ని గుడ్డెలుగు అన్నది అందుకేనేమో. చెదపుట్ట తవ్వి, మూతి లోపలికి పెట్టి పురుగుల్ని పీలుస్తున్నప్పుడు దానికి లోకం పట్టదు. మనిషి బాగా దగ్గరికి వచ్చేదాకా తెలియదు, తెలియగానే బెదిరి మీద పడుతుంది, ముఖం మీదే గోళ్ళు వేస్తుంది. వీపు మీద పిల్లలుంటే ఇక చెప్పక్కర్లేదు. అడవి తెలిసినవాళ్ళు నలుగురు కలిసి మాట్లాడుకుంటూ నడవడం కబుర్ల కోసం కాదు, దానికి ముందే ఖబర్ ఇవ్వడం కోసం.

అంగ్రేజ్ హుకూమత్ ఈ హిసాబ్‌ని మార్చింది. పులి, చిరుతలతో పాటు ఎలుగును చంపినా ఇనామ్ ఇచ్చారు. 1878లో ఆయుధాల చట్టం తెచ్చి తుపాకీకి లైసెన్సు పెట్టారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. దొర కొడితే షికార్, కోయవాడు కొడితే జుర్మ్. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి ముందుగా తీసుకుపోయింది తుపాకులే. అడవిలో తుపాకీ ఎవరి చేతిలో ఉండాలన్నది మామూలు సవాల్ కాదు.

ఇక తల్లి ఎలుగు చస్తే పిల్లలేమయ్యేవి? అమ్ముడుపోయేవి. కొన్నవాడు మనవాడు, ఖలందర్.

పానిపట్ బూ అలీ షా ఖలందర్ పేరు చెప్పుకునే ఈ బిరాదరీ దేశమంతా తిరిగింది. నా చిన్నప్పుడు మా గల్లీలో డమరుకం మోగితే పిల్లలం పరుగెత్తేవాళ్ళం. నానీమా నన్ను ఎత్తి ఎలుగు వీపు మీద కూర్చోబెట్టి, "డరో మత్ బేటా, ఇంక నీకు పీడకలలు రావు" అనేది. దాని వెంట్రుక ఒకటి తావీజ్‌లో పెట్టి మెడలో కట్టించింది. హిందువుల ఇళ్ళ ముందూ అదే సందడి. ఆ మూతికి తాడు ఎలా ఎక్కిందో ఎవరూ అడగలేదు. కాల్చిన సూదితో ముక్కుకు రంధ్రం చేసి, పళ్ళు రాలగొట్టి ఎక్కించిన తాడు అది. బేజుబాన్ జానవర్ మీద అంత జుల్మ్‌ని ఏ రోజీ పేరుతోనూ మాఫ్ చెయ్యలేం.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షికారుకు కళ్ళెం వేసింది. 1991 సవరణతో లైసెన్సు వేట కూడా మూతపడింది. 1998లో ఎలుగుల ఆటపై పాబందీ వచ్చింది. వైల్డ్‌లైఫ్ ఎస్ఓఎస్ సంస్థ పట్టుబడిన ఎలుగులను ఆగ్రా, బన్నేరుఘట్ట ఆశ్రయాలకు చేర్చి, 2009లో ఆఖరి ఆట ఎలుగును కూడా విడిపించామని ప్రకటించింది. తాడు వదిలిన ఖలందర్లలో చాలామందికి వేరే పని పెట్టుకోవడానికి, పిల్లల చదువుకు మదద్ చేసింది. ఇన్సాఫ్ అంటే ఇదే. జానవర్‌ని విడిపించి మనిషిని రోడ్డున వదిలితే అది సగం ఇన్సాఫ్.

2008లో పాపికొండలు జాతీయ ఉద్యానవనం అయింది. అక్కడ ఎలుగులున్నాయి, దుప్పులున్నాయి. ఇప్పపువ్వుకూ తునికాకుకూ వెళ్ళే గరీబులూ ఉన్నారు. అడవి తరిగి తోటలు మిగిలినచోట ఏమవుతుందో 2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా కిడిసింగిలో చూశాం. ఎలుగు దాడిలో ఒక రైతు ప్రాణం పోయింది, మరికొందరు గాయపడ్డారు. పట్టుకున్న ఎలుగూ బతకలేదు. ఇటు మనిషి, అటు జానవర్, ఇద్దరూ మజ్లూములే.

అజీజ్ దోస్తులారా, ఒక మాట. 2007లో వచ్చిన 4 శాతం రిజర్వేషన్ జాబితా తీసి చూడండి. బీసీ-ఇ కింద షేక్, ఖురేషీ, దూదేకుల కాని ఇతర పేర్ల మధ్య "గుడ్డి ఎలుగువాళ్ళు, ఎలుగుబంటువాళ్ళు" అని ఉంటుంది. వాళ్ళు మన సఫ్‌లో మన భుజానికి భుజం ఆనించి నమాజుకు నిలబడేవాళ్ళే. షాదీ మాటలు వచ్చేసరికి "ఓ, ఎలుగుబంటోళ్ళా" అని మూతి తిప్పేదీ మనమే. ఎలుగు ముక్కుకున్న తాడును ఖానూన్ తెంపింది. ఈ తాడు తెంపడం ఏ ఖానూన్ వల్లా కాదు. మీ మొహల్లాలో ఆ ఖాందాన్ ఉంటే, వాళ్ళ పిల్లలకు కుల సర్టిఫికెట్టు అందిందో లేదో ఈ జుమా తర్వాత ఒకసారి అడగండి. అందకపోతే తహసీల్దారు ఆఫీసుకు తోడు వెళ్ళండి.