దీపధారిణి లెక్కలు

ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు చెప్పగనే, చేత దీపము ధరించి రాత్రివేళ రోగుల పడకల మధ్య తిరుగు కరుణామూర్తి మన కన్నుల ముందు నిలుచును. ఆ చిత్రము సత్యమే. కాని దానిని మాత్రమే చూచినచో ఆమె గొప్పతనములో సగము మనకు తెలియకయే పోవును. నర్సులకు పెద్దయైన స్త్రీ ఎట్లు ఆలోచింపవలెనో, ఎట్లు నిర్ణయింపవలెనో ఆమె చరిత్రమునుండి మనము నేర్చుకొనవచ్చును.

క్రిమియా యుద్ధకాలమున, 1854 నవంబరు 4వ తేదీన, ఆమె 38 మంది నర్సులతో ఇస్తాంబులుకు ఎదుటి యొడ్డుననున్న స్కుటారి సైనిక వైద్యశాలను చేరెను. అచ్చటి వైద్యులలో పలువురకు వీరి రాక రుచింపలేదు. ఆమె తగవులాడలేదు. వైద్యులు కోరువరకు ఏ నర్సును రోగిని తాకరాదని తానే శాసించెను. బాధపడువారిని చూచుచు చేతులు కట్టుకొని యుండుట కఠినమే. కాని వైద్యుల విశ్వాసము లేనిదే నర్సుల సేవ సాగదని ఆమె గ్రహించెను. కొలది దినములలో క్షతగాత్రులు గుంపులుగా రాగా, వైద్యులే వీరిని పిలిచిరి.

ఆమె మంచి ఆహారమును, శుభ్రమైన వస్త్రములను సమకూర్చెను. అయినను మరణములు ఆగలేదు. 1855 ఫిబ్రవరిలో చికిత్స పొందినవారిలో నూటికి 42 మంది మరణించిరి. మార్చిలో ఇంగ్లండునుండి పారిశుద్ధ్య సంఘము వచ్చి, మురుగు కాలువలను బాగుచేయించి, గదులలోనికి గాలి వచ్చు ఏర్పాట్లు చేసెను. జూను నాటికి మరణములు నూటికి 2కు తగ్గెను.

ఆహారలోపము, శ్రమ, చలి, ఇవియే సైనికులను చంపినవని ఆమె మొదట తలచెను. 1856లో స్వదేశము చేరిన పిదప, గణాంకవేత్త విలియం ఫార్ సహాయమున లెక్కలన్నియు పరిశీలింపగా, ప్రధానమైన దోషము అపరిశుభ్రతయే యని తేలెను. అనగా తాను రేయింబవళ్లు శ్రమించిన వైద్యశాలయే అనేకుల మరణమునకు కారణమయ్యెను. ఎంత బాధాకరమైన సత్యము! ఆమె దానిని దాచలేదు. 1858లో ఆ లెక్కలను రంగుల పటములుగా గీయించి అధికారుల ముందుంచెను. 1860లో లండనులోని సెయింట్ థామస్ వైద్యశాలలో ఆమె నిధితో నర్సుల శిక్షణాలయము వెలసెను.

నేడు ఒక వార్డు బాధ్యత వహించు నర్సు, జ్వరముల పట్టికను చూచి, వరుసగా కొందరికి ఒకే విధమైన జ్వరము ఎందులకు వచ్చెనని ప్రశ్నించినప్పుడు ఆ మార్గముననే నడచుచున్నది. సేవాభావము ఆమెను రోగి చెంతకు చేర్చును. తన అభిప్రాయమునే తాను శంకించి, ఆధారములను చూచి నిర్ణయించు ధైర్యము రోగిని కాపాడును.