ఎడారి గాలిలో చిన్న రెక్కలు

షార్జాలో కింగ్ అబ్దుల్ అజీజ్ వీధి అని ఒకటి ఉంది. ఎమిరేట్స్‌లో ఉన్న మన తెలుగువాళ్ళలో చాలామంది ఆ దారిన ఎన్నోసార్లు వెళ్ళే ఉంటారు. ఊరి మధ్యన అంత వెడల్పుగా, గీత గీసినట్టు తిన్నగా ఉన్న ఆ రోడ్డు ఒకప్పుడు రన్‌వే అని మాత్రం తెలిసినవాళ్ళు తక్కువ. పక్కనే ఉన్న అల్ మహట్టా మ్యూజియం ఆ పాత విమానాశ్రయపు భవనమే. 1977లో కొత్త విమానాశ్రయం వచ్చాక పాతదాన్ని ఊరు మింగేసింది.

పెద్ద విమానాల చరిత్ర గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ వ్యాసం చిన్న విమానాల గురించి. అందులోనూ ఎవరో ఒకరిద్దరు సొంతంగా కట్టుకుని, సొంతంగా రిపేరు చేసుకుని, సొంత ప్రాణం పెట్టి ఎగరేసేవాటి గురించి. ఆ కథకి మొదలు ఎక్కడో అమెరికాలో ఉన్నా, అందులో ఒక పెద్ద అధ్యాయం అబూదాబీలో మొదలై అబూదాబీలోనే ముగిసింది. ఆ అధ్యాయానికి వెళ్ళేముందు షార్జాలో కాసేపు ఆగాలి. ఆ రోజుల్లో లండన్ నించి ఇండియా వెళ్ళే విమానాలన్నీ ఎలాగూ అక్కడ ఆగేవి!

1932 అక్టోబరు 5న ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారి 'హన్నో' అనే విమానం షార్జా ఇసకలో దిగింది. హాండ్లీ పేజ్ కంపెనీ కట్టిన ఆ విమానానికి ఒకదాని మీద ఒకటి రెండు వరసల రెక్కలు, నాలుగు ఇంజన్లు. వేగం గంటకి సుమారు నూరు మైళ్ళు. అయిదు వందల మైళ్ళకోసారి దిగి పెట్రోలు పోయించుకోకపోతే కదలదు. పర్షియా తీరం వెంబడి వెళ్ళే అనుమతి ముగిసిపోవడంతో బ్రిటిషువాళ్ళు ఈ గట్టుకి మారారు. షార్జా షేక్ సుల్తాన్ బిన్ సఖర్‌తో ఒప్పందం రాసుకుని, ప్రయాణికులు రాత్రి పడుకోవడానికి కోటలాంటి బస కట్టించారు. అద్దె రూపాయల్లో చెల్లించేవారు. అప్పట్లో ఇక్కడ చెలామణీలో ఉన్నది మన రూపాయే మరి.

సరిగ్గా పది రోజుల తరవాత, అక్టోబరు 15న, జె.ఆర్.డి. టాటా కరాచీలో ఒక చిన్న పుస్ మాత్ విమానం ఎక్కారు. లండన్ నించి ఇంపీరియల్ విమానాలు తెచ్చే టపాని అందుకుని అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేర్చారు. అక్కణ్ణించి ఆయన సహచరుడు నెవిల్ వింట్‌సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసు తీసుకెళ్ళారు. బళ్ళారి అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో తెలుగు బాగా వినిపించే ఊరు. అంటే షార్జా ఇసకకీ మన బళ్ళారి మట్టికీ ఆకాశమార్గాన చుట్టరికం 1932 నాటిదన్నమాట.

ఆ పుస్ మాత్‌కి ఒక జబ్బు ఉండేది. ఒంటి ఇంజను, పైన రెక్క, ముచ్చటైన విమానం. కానీ ఆ రోజుల్లో అలాంటివి కొన్ని గాలిలో ఉండగానే రెక్క ఊడి పడిపోయాయి. పైలట్ల తప్పిదమని కొన్నాళ్ళు, తుఫాను గాలి అని కొన్నాళ్ళు అనుకున్నారు. చివరికి పరిశోధకులు విరిగిన ముక్కలు దగ్గర పెట్టుకుని తేల్చినదేమిటంటే, ఒక స్థాయి దాటాక గాలి తాకిడికి రెక్కని పట్టి ఉంచే ఊతకడ్డీ వణకడం మొదలెడుతుంది, ఆ వణుకు తనని తానే పెంచుకుంటూ పోతుంది. మందేమిటి? ఇంకో చిన్న ఊతకడ్డీ. అంతే! జబ్బు కనిపెట్టడానికి సంవత్సరాలు పట్టింది కానీ వైద్యానికి ఒక చిన్న కడ్డీ చాలింది.

ముక్కలు దొరకనప్పుడు ఏమవుతుందో కూడా ఈ సముద్రమే చెప్పింది. 1940 మార్చి 1న హన్నోకి తోబుట్టువైన 'హానిబల్' ఇరాన్ తీరంలోని జాస్క్ నించి షార్జాకి బయల్దేరి ఒమాన్ సింధుశాఖ మీద మాయమైపోయింది. అందులో ఉన్న ఎనిమిది మందిలో సర్ ఎ.టి. పన్నీర్‌సెల్వం ఒకరు. మద్రాసు రాష్ట్రంలో మంత్రిగా పనిచేసిన జస్టిస్ పార్టీ నాయకుడు. భారత వ్యవహారాల మంత్రికి సలహాదారుగా లండన్ వెళుతున్నారు. విమానం ఆచూకీ ఈనాటికీ లేదు. పుస్ మాత్ చచ్చి కూడా పాఠం చెప్పింది. హానిబల్ తన పాఠాన్ని సముద్రంలోకి తీసుకుపోయింది.

ఇక ఇంటి విమానాల సంగతికి వద్దాం. ఆ మాటకొస్తే మొదటి విమానమే ఇంటి విమానం. డేటన్‌లో సైకిళ్ళ షాపు నడుపుకునే రైట్ సోదరులు, వాళ్ళ దగ్గర పనిచేసే చార్లీ టేలర్ అనే మెకానిక్కు కలిసి కట్టుకున్నదే అది. తగిన ఇంజను ఎవరూ అమ్మకపోతే టేలర్ ఆరు వారాల్లో షాపులోనే ఒకటి తయారు చేశాడు. తరవాత 1930లలో ఆన్రీ మిన్యే అనే ఫ్రెంచి ఆయన, చెక్కపెట్టెకి మేకులు కొట్టడం వచ్చినవాడెవడైనా విమానం కట్టుకోవచ్చునని ఊరించి, నమూనాతో సహా పుస్తకం వేశాడు. ఇంగ్లండులో దాన్ని 'ఫ్లయింగ్ ఫ్లీ' అన్నారు, అంటే ఎగిరే గోమారి. వందలకొద్దీ జనం గరాజుల్లో రంపాలు పట్టుకున్నారు.

1936 నాటికి ఆ గోమారులు వరసగా ముక్కు కిందికి పెట్టి నేలని గుద్దుకోవడం మొదలయింది. ఫార్న్‌బరోలో అసలు విమానాన్నే పెద్ద గాలి సొరంగంలో పెట్టి చూశారు. ముందు రెక్క, వెనక రెక్క మరీ దగ్గరగా ఉన్నాయి. పైలటు విమానాన్ని పైకి లేపుదామని కర్ర వెనక్కి లాగితే రెండు రెక్కల మధ్య సందు ఇరుకై, అందులోంచి గాలి జోరుగా దూసుకుపోయి, వెనక రెక్కకి ఎత్తుబలం పెరిగేది. తోక లేచేది, ముక్కు ఇంకా వంగేది. భయపడి ఇంకా లాగితే ఇంకా వంగేది. కట్టినవాడి పనితనంలో లోపం లేదు, మేకులు గట్టిగానే కొట్టాడు. లోపం కాగితం మీదే ఉంది.

1953లో అమెరికాలో పాల్ పోబెరెజ్నీ చొరవతో ఇంటి విమానాలవాళ్ళకి ఒక సంఘం ఏర్పడింది. అక్కడి చట్టం ప్రకారం పనిలో సగానికి పైగా ఔత్సాహికులు సొంతంగా చేసి ఉంటే అది ఇంటి విమానం, దాని మీద 'ఎక్స్‌పెరిమెంటల్' అని రాసుకుని ఎగరేసుకోవచ్చు. కట్టినవాడికి ఏటేటా తనిఖీ తనే చేసుకునే హక్కు కూడా వస్తుంది. ఏ తీగ ఎందుకు అటు తిప్పాడో, ఏ బోల్టు దగ్గర చెయ్యి పట్టక తిట్టుకున్నాడో ఆయనకే తెలుసు కాబట్టి ఇది న్యాయమే. చిక్కల్లా ఆయన ఆ విమానాన్ని ఇంకొకరికి అమ్మినప్పుడు వస్తుంది.

'కంట్రీ రోడ్స్' పాడిన జాన్ డెన్వర్ 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలో అలాంటి విమానంలోనే పోయాడు. బర్ట్ రుటాన్ గీసిన లాంగ్-ఈజీ నమూనాని వేరే ఒకాయన కట్టాడు, డెన్వర్ కొనుక్కున్నాడు. నమూనాలో పెట్రోలు ట్యాంకు మార్చే మర పైలటు కాళ్ళ దగ్గర ఉండాలి. కట్టినాయన పెట్రోలు గొట్టాలు పైలటు ఉండే చోటికి రాకూడదన్న జాగ్రత్తతో దాన్ని ఎడమ భుజం వెనక పెట్టాడు. గాలిలో ట్యాంకు మార్చడానికి డెన్వర్ వెనక్కి తిరిగినప్పుడు కుడికాలు పెడల్ని తొక్కి ఉంటుందనీ, విమానం అదుపు తప్పిందనీ ప్రభుత్వ దర్యాప్తు తేల్చింది. బయల్దేరే ముందు పెట్రోలు సరిపడా ఉందో లేదో చూసుకోకపోవడం, ఆ విమానంలో తగిన తర్ఫీదు లేకపోవడం కూడా కారణాల్లో రాసింది. ఒక ప్రమాదాన్ని తప్పించడానికి చేసిన మార్పు ఇంకో ప్రమాదానికి తలుపు తీసింది. ఈ రంగంలో ఇది పాత కథే.

ఇలాంటి చిన్న విమానాలు ఎమిరేట్స్‌కి కూడా వచ్చాయి. ఉమ్ అల్ కువైన్‌లోనూ రస్ అల్ ఖైమాలోనూ క్లబ్బులు వెలిశాయి. చలికాలపు ఉదయాల్లో ఇక్కడ ఎగరడమంత హాయి లేదు. వేసవిలో మాత్రం ఎడారి ఎదురుతిరుగుతుంది. ఎలాగంటారా? లెక్క చూడండి. 45 డిగ్రీల ఎండలో గాలి పలచబడి, సముద్రమట్టాన ఉన్న రన్‌వే కూడా విమానానికి దాదాపు 4,000 అడుగుల ఎత్తున ఉన్నట్టే అనిపిస్తుంది. అంటే నిలబడింది షార్జా సముద్రపుటొడ్డున, పీల్చేది ఇంచుమించు మన హార్స్‌లీ కొండల మీద గాలి! రెక్కకి బలం తగ్గుతుంది, ఇంజనుకీ తగ్గుతుంది, కావలసిన రన్‌వే పెరుగుతుంది.

రెండోది పెట్రోలు. చాలా చిన్న విమానాల్లో ఉండే రోటాక్స్ 912 ఇంజను కారు పెట్రోలుతో కూడా నడుస్తుంది. కానీ ఆపిన ఇంజను వేడికి గొట్టంలో పెట్రోలు ఆవిరి బుడగలు కడితే, మళ్ళీ బయల్దేరినప్పుడు ఇంజను దగ్గడం మొదలెడుతుంది. అందుకని గొట్టాలకి వేడి తగలకుండా తొడుగులు వెయ్యాలి. రబ్బరు గొట్టాలు బాగానే కనిపిస్తున్నా అయిదేళ్ళకోసారి మార్చెయ్యమని తయారీదారులే చెబుతారు. మూడోది దుమ్ము. ఇక్కడి ఇసక మైదాపిండిలా ఉంటుంది. గాలి ఫిల్టరుని పట్టించుకోకపోతే అది సిలిండర్లోకి చేరి పిస్టన్ రింగుల్ని అరగదీస్తుంది. నాలుగోది సముద్రపు తేమ. రాత్రి ట్యాంకులో చెమ్మ పట్టి నీటిబొట్లు అడుక్కి చేరతాయి. అందుకే ఎగిరే ముందు అడుగు నించి కాస్త పెట్రోలు వంపి చూడాలి. ఫైబర్ గ్లాసుతో కట్టిన విమానాలన్నీ తెల్లగా ఎందుకుంటాయో తెలుసా? ముదురు రంగు వేస్తే ఎండకి లోపలి జిగురు మెత్తబడుతుంది. అందంకన్నా అవసరం ముఖ్యం.

జబ్బు కనిపెట్టే పద్ధతి మాత్రం ఎక్కడైనా ఒకటే. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఇంజను గరగరమంటోందని ప్లగ్గులు, కార్బురేటరు, పెట్రోలు ఒకేసారి మార్చేస్తే గరగర పోవచ్చు గానీ ఎందుకు పోయిందో తెలియదు. ఎందుకు పోయిందో తెలియని జబ్బు తిరిగొస్తుంది, ఈసారి సముద్రం మీద.

ఇప్పుడు అబూదాబీ. 2015 మార్చి 9న అల్ బతీన్ విమానాశ్రయం నించి 'సోలార్ ఇంపల్స్ 2' బయల్దేరింది. స్విట్జర్లండులో బెర్ట్రాండ్ పికార్డ్, ఆంద్రే బోర్ష్‌బెర్గ్ కట్టించిన సూర్యకాంతి విమానం. గరాజులో కట్టింది కాదు, పెద్ద బృందం, పెద్ద ఖర్చు. అయినా నా లెక్కలో అది ఇంటి విమానమే. అలాంటిది ప్రపంచంలో అదొక్కటే, దానికి విడిభాగాల దుకాణం లేదు, కట్టినవాళ్ళే దాని వైద్యులు. రెక్కల వెడల్పు 72 మీటర్లు, బరువు 2,300 కిలోలు, పైన 17,248 సౌర ఘటాలు. అబూదాబీ నించి మస్కట్, అక్కణ్ణించి అహమ్మదాబాదు. 83 ఏళ్ళ కిందట టాటా పుస్ మాత్ ఆగిన ఊరే!

జపాన్ దాకా వచ్చాక నగోయాలో గాలికి రెక్కభాగం దెబ్బతింది, బాగుచేశారు. అక్కణ్ణించి హవాయికి బోర్ష్‌బెర్గ్ ఒక్కడే. బయల్దేరిన కాసేపటికి, ఆటోపైలటుని కనిపెట్టి హెచ్చరించే వ్యవస్థ సరిగా పనిచెయ్యడం లేదని తెలిసింది. కింద ఉన్న ఇంజనీర్లు వెనక్కి రమ్మన్నారు. పైనున్నాయన, పికార్డ్ కలిసి ముందుకే అన్నారు. 117 గంటల 52 నిమిషాల తరవాత, 2015 జులై 3న, విమానం హవాయిలో దిగింది. రికార్డు బద్దలైంది, కానీ బ్యాటరీలు పాడైపోయాయి. చలికి తట్టుకోవడానికని వాటి చుట్టూ వేసిన తొడుగు మరీ మందమై, మొదటి రోజు పైకి ఎక్కేటప్పుడు పుట్టిన వేడి బయటికి పోలేదు. బ్యాటరీలో లోపం లేదు, లోపం అంచనాలో ఉంది. గోమారి కథే మళ్ళీ.

తేడా ఏమిటంటే, వీళ్ళు ఆగారు. కొత్త బ్యాటరీలు తెప్పించి, చల్లబరిచే ఏర్పాటు పెట్టి, పరీక్షగా ఎగరేసి చూసుకుని, 2016 ఏప్రిల్‌లో గానీ మళ్ళీ బయల్దేరలేదు. దాదాపు పది నెలలు! ప్రపంచం చూస్తుండగా, డబ్బిచ్చినవాళ్ళు ఎదురుచూస్తుండగా పది నెలలు కూర్చోవడం ఎగరడం కన్నా కష్టం. దారిలో రైట్ సోదరుల డేటన్‌లో కూడా ఆగారు. చివరి మజిలీ కైరో నించి. ఎడారి మీద వేసవి గాలులు కుదురుగా లేక అక్కడా కొన్నాళ్ళు కాచుకుని, 2016 జులై 26 తెల్లవారుజామున మళ్ళీ అల్ బతీన్‌లోనే దిగారు.

వెనక్కి రమ్మన్న ఇంజనీర్లది తప్పా, వెళ్ళినవాళ్ళది తప్పా అని నన్నడిగితే, విమానం చేరింది కాబట్టి వెళ్ళడమే రైటు అనడం నాకు ఒప్పుదల కాదు. చేరిన విమానాలు చెప్పే కథలే మనకి వినిపిస్తాయి. హానిబల్ ఏం చెప్పేదో వినలేదు కదా. రమ్మని అడిగే ధైర్యం ఆ ఇంజనీర్లకి ఉండడమే ఆ బృందానికున్న అసలు బలం అని నేననుకుంటాను.

గల్ఫులో మనవాళ్ళు ఎన్నో రకాల యంత్రాల్ని కనిపెట్టుకుని ఉంటారు. ఏసీలు, లిఫ్టులు, క్రేనులు, నీటి పంపులు, విమానాలు కూడా. కరీంనగర్ నించి వచ్చినా, కోనసీమ నించి వచ్చినా, పానా పట్టినవాడికి ఒక రోజు తప్పకుండా వస్తుంది. పని పూర్తి కాలేదు, పైవాడు తొందరపెడుతున్నాడు, కాగితం మీద సంతకం పెట్టాలి. అలాంటి రోజున 'ఇది ఇవాళ కదలదు సార్' అనగలగడానికి ఉద్యోగం మీద భయం అడ్డొస్తుంది, వీసా అడ్డొస్తుంది, ఇంటికి పంపాల్సిన డబ్బు అడ్డొస్తుంది. ఇంటి విమానం కట్టినవాడికి ఆ చిక్కు లేదు. సంతకమూ తనదే, ప్రాణమూ తనదే. మిగతా చోట్ల సంతకం ఒకరిది, ప్రాణం ఇంకొకరిది. కాబట్టి ఆ ఒక్క మాట అన్న మెకానిక్కుకి ఆ సాయంత్రం జీతం కోయకుండా ఉండే యజమాని దొరకడం కూడా విమానయాన భద్రతలో భాగమే.