ఏడవ ఎడ్వర్డు: దుస్తులు, అధికారము



ఇండ్లలో పాత వెండిరూపాయలు దాచుకొన్నవారు ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి ముఖము నెఱుగుదురు. 1903 మొదలు 1910 వఱకు ముద్రింపబడిన ఆ నాణెములపై ఆయన తలకు కిరీటము లేదు. అట్లు నిరాడంబరముగ గనబడు నీ రాజు, తన కాలమున ఐరోపాఖండ మంతటను పురుషుల దుస్తులకు ఒరవడి పెట్టెను. ఆయనకు బట్టలమీద నంత పట్టుదల యేల కలిగెనో విచారించినచో, కుటుంబభారము వహించు పెద్దలు తెలిసికొనదగిన విషయ మొకటి యందు గలదని నాకు తోచుచున్నది.

ఆయన 1841 నవంబరు 9వ తేదీని విక్టోరియా రాణికిని ఆల్బర్టు ప్రభువునకును జ్యేష్ఠపుత్రుడై జన్మించెను. తండ్రి కఠినమైన విద్యాక్రమము నేర్పఱచెను గాని బాలునకు చదువు రుచింపలేదు. 1861లో తండ్రి మరణించెను. కొడుకు నడవడిని గూర్చిన చింతయే తన భర్తను క్రుంగదీసెనని రాణి నమ్మినది. అందుచే చాలకాలమువఱకు ఆయనను రాజ్యవ్యవహారముల దరి చేరనీయలేదు, రాజపత్రములను చూడనీయలేదు. శంకుస్థాపనలు, విందులు, వేట, గుఱ్ఱపుపందెములు, ఇవియే ఆయన పనులైనవి. సింహాసన మెక్కునప్పటికి ఆయనకు 59 ఏండ్లు.

వేఱు పని లేకపోవుటచే ఆయన దృష్టి దుస్తులపై నిలిచెను. జర్మనీలోని హోంబర్గు పట్టణమునుండి ఆయన తెచ్చిన టోపీ ఆ యూరి పేరనే ప్రసిద్ధి కెక్కెను. రాత్రి భోజనమునకు తోకలుగల పొడుగుకోటునకు బదులు పొట్టికోటు తొడుగు నాచారము ఆయనవలన వ్యాపించె నందురు. 1865లో లండనునందలి హెన్రీ పూల్ అను దర్జీ దుకాణమువారు ఆయన కట్టి కోటును కుట్టియిచ్చిరట. భోజనప్రియు డగుటచే ఆయన నడుము 48 అంగుళములకు పెరిగెను. కోటు లోపల తొడుగు చేతులులేని చిన్నకోటునకు క్రిందిగుండీ పెట్టుట కష్టమై విడిచిపెట్టగా, చుట్టునున్నవారును అట్లే విడిచిరని ప్రతీతి. ఆ గుండీని పెట్టుకొనకుండుట నేటికిని మర్యాదగా చెల్లుచున్నది.

ఇతరుల వేషమున చిన్న లోపమున్నను ఆయన సహింపకుండెను. ప్రధానమంత్రి సాలిస్బరీ ప్రభువు ఒకమారు రెండు వేర్వేఱు కొలువుదుస్తులను కలిపి తొడిగి రాగా ఆయన మండిపడెనట. ప్రొద్దున మబ్బుగా నుండె ననియు, ఇంతకంటె అల్పమైన విషయ మేదో తన మనస్సున మెదలుచుండె ననియు ఆ మంత్రి బదులు చెప్పెనట! సాండ్రింగాము భవనమున వేటకు పగటివెలుతురు చాలదని గడియారము లన్నిటిని అరగంట ముందునకు త్రిప్పించి యుంచెను. రాజ్యము చేతిలో లేనివాడు తన యింట కాలమును శాసించెను.

అట్టివానికి ఒకసారి తగిన పని దొరకెను. 1875 నవంబరు 8న ఆయన బొంబాయిలో దిగి, నాలుగు మాసములు ఈ దేశమున సంచరించెను. డిసెంబరులో మద్రాసునకును వచ్చెను. హైదరాబాదు నిజాము మహబూబ్ అలీఖాను అప్పటికి 9 ఏండ్ల బాలుడు. ఆయనకు మాఱుగా దివాను సాలార్‌జంగు బొంబాయికి పోయి దర్శించెను. పతకము వంకరగా నుండిన పట్టుకొను నా కన్నులే, ఇచ్చట ఆంగ్లాధికారులు స్వదేశ సంస్థానాధీశులకు చేయు నమర్యాదను పట్టుకొన్నవి. చర్మము నల్లనిదైనంతమాత్రమున, మతము వేఱైనంతమాత్రమున మనుష్యుని పశువువలె చూడరాదని ఆయన ఇంగ్లండునకు లేఖ వ్రాసెను. అయినను, తన తల్లి భారత చక్రవర్తిని యను బిరుదము వహింపనున్న వార్త ఆయనకు వార్తాపత్రికల మూలముననే తెలిసినది. కొడుకును మన దేశమునకు పంపియు తల్లి యాతనితో నా మాట చెప్పలేదు.

1901లో రాజైన పిదప ఆయన శక్తి కొంత బయటపడెను. 1903లో పారిసునకు పోయి ప్రజల మన్నన నందెను. మఱుసటి యేట ఫ్రాన్సుతో కుదిరిన ఒడంబడికకు ఆ యాత్ర తోడ్పడెను. తాను పడిన బాధ మఱువక, కుమారుడు జార్జికి తన బల్ల ప్రక్కనే బల్ల వేయించి రాజపత్రములను చూడనిచ్చెను.

కాని 1909లో సత్యేంద్ర ప్రసన్న సింహాను రాజప్రతినిధి కార్యనిర్వాహకసభలో సభ్యునిగా నియమింప దలచినపుడు, భారతీయునకు ఆ స్థానము తగదని ఆయన ఆక్షేపించెను. మంత్రివర్గమంతయు నొక్కమాటపై నుండుటచేతనే సమ్మతించెను. 34వ యేట మన వారికి మర్యాద చేయవలె నన్న వాడే, 67వ యేట మన వారికి అధికారములో పాలిచ్చుటకు జంకెను. మర్యాద చేయుట వేఱు, అధికారము పంచుట వేఱు. కొడుకునకు వేయించిన బల్లవంటిది మనకు వేయించుటకు ఆయనకు చేయి రాలేదు.

1910 మే 6న ఆయన కాలధర్మము నొందెను. ఆయన గుండీని లోకము తలచుకొనుచున్నది. తాళపుచెవులు చేతనున్న పెద్దలు ఆ బల్లను తలచుకొనుట మేలని నా మనవి.